మీ కథ, మీ పాట, మీ కాపీరైట్: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు

కథలు రాసేవాళ్లు, యూట్యూబ్ ఛానళ్లకు పాటలు కట్టేవాళ్లు, షార్ట్ ఫిలింలు తీసేవాళ్లు తిప్పితిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇక్కడ చెప్పేది భారత కాపీరైట్ చట్టం, 1957 గురించి. పెద్ద డబ్బు ముడిపడిన వ్యవహారమైతే ఇది చదివాక కూడా లాయర్‌ని కలవాల్సిందే.

## రాసిన కొత్తలో

రిజిస్టర్ చేయించకపోతే నా కథ మీద నాకు హక్కు లేనట్టేనా?

ఉంది. కాగితం మీదో ఫోన్‌లోనో రాసి పెట్టుకున్న రోజు నుంచే కాపీరైట్ మీది. దానికి దరఖాస్తు అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఉపయోగపడేది గొడవ వచ్చినప్పుడు. ఈ రచన ఫలానావారిది అని ప్రభుత్వ రిజిస్టర్‌లో ఉంటే, 48వ సెక్షన్ ప్రకారం కోర్టు దాన్ని ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. కాదనేవాళ్లే కాదని రుజువు చేసుకోవాలి. రిజిస్ట్రేషన్ లేకపోయినా దావా వేయొచ్చని 2021లో బొంబాయి హైకోర్టు స్పష్టంగా చెప్పింది.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిజిస్ట్రేషన్ గురించి టెన్షన్ పడతారు గానీ, నిర్మాతో ప్రచురణకర్తో ముందుకు తోసిన కాగితం మీద మాత్రం చదవకుండానే సంతకం పెట్టేస్తారు. మా అనుభవంలో హక్కులు పోయేది అక్కడే.

నేను కథ వినిపించాను, వాళ్లు అదే ఐడియాతో సినిమా తీశారు. కేసు వేయొచ్చా?

ఒట్టి ఐడియా అయితే కాపీరైట్ కింద నిలబడదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది: ఆలోచనకు, ఇతివృత్తానికి, కథాంశానికి కాపీరైట్ లేదు. ఆ ఆలోచనను మీరు ఏ సన్నివేశాలుగా, ఏ పాత్రలుగా, ఏ వరసలో, ఏ మాటల్లో పెట్టారో దానికే రక్షణ. పల్లెటూరి కుర్రాడు పట్నం వచ్చి మోసపోయే కథ ఎవరైనా రాసుకోవచ్చు. మీ కథలోని మలుపులు, సంభాషణలు వరసగా అక్కడా కనిపిస్తుంటే, చూసినవాళ్లకు ఇది దాని కాపీయే అనిపిస్తుంటే, అప్పుడు మీ కేసుకి బలం ఉంటుంది.

కృష్ణానగర్, ఫిలింనగర్ ఆఫీసుల్లో నెరేషన్ నోటి మాటగానే నడుస్తుంది. అందుకని వినిపించబోయే ముందు కనీసం సినాప్సిస్, వీలైతే సీన్ ఆర్డర్ కూడా రాసిపెట్టుకోండి. వినిపించి వచ్చిన రోజే ఆ ఫైల్ జత చేసి, "ఈ రోజు మీకు వినిపించిన కథ ఇది, మీ అభిప్రాయం కోసం పంపుతున్నాను" అని మెయిల్ పెట్టండి. మర్యాదగానే ఉంటుంది, తేదీతో సహా రికార్డూ మిగులుతుంది. నమ్మకంతో చెప్పిన కాన్సెప్టును వాడేసుకుంటే విశ్వాస భంగం కింద అడ్డుకోవచ్చని 2003లో ఒక టీవీ సీరియల్ వివాదంలో బొంబాయి హైకోర్టు చెప్పింది. ఆ దారిలో వెళ్లాలన్నా మీరు ఏం చెప్పారో, ఎవరికి చెప్పారో చూపించాలి.

స్క్రిప్టును నాకు నేనే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుని, కవరు విప్పకుండా దాచుకుంటే చాలంటున్నారు. నిజమేనా?

చట్టంలో ఎక్కడా ఈ మాట లేదు. కవరు మీద తపాలా ముద్ర తేదీని చూపిస్తుంది. లోపలి కాగితాలు ఆ రోజువే అనడానికి మాత్రం గట్టి రుజువు కాదు, ఎందుకంటే అంటించని కవరు పంపుకుని తర్వాత నింపేవాళ్లూ ఉన్నారు. పోస్టాఫీసువాళ్లు 2025లో రిజిస్టర్డ్ పోస్టునే స్పీడ్ పోస్టులో కలిపేశారు, సలహా మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. రూ. 500 కట్టి రిజిస్టర్ చేయించుకోవడం మేలు. అది కుదరకపోతే డ్రాఫ్టులు, మెయిళ్లు భద్రంగా ఉంచుకోండి.

నా నవల పేరునే సినిమాకి పెట్టుకున్నారు. ఆపగలనా?

పేరొక్కదానికి కాపీరైట్ లేదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిలిం ఛాంబర్‌లో టైటిల్ రిజిస్టర్ చేసుకోవడం నిర్మాతలు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు, అది కాపీరైట్ కాదు. పేరుతోపాటు కథ కూడా తీసుకున్నారా అన్నదే మీరు చూడాల్సింది.

కలం పేరుతో రాస్తాను. హక్కు ఎవరి పేరు మీద ఉంటుంది?

మీ పేరు మీదే. దరఖాస్తులో అసలు పేరు రాసి, కలం పేరునూ చేర్చండి. ఇందులో ఒక మెలిక ఉంది. కలం పేరు వెనక ఎవరున్నారో లోకానికి తెలియకుండానే ఉండిపోతే, కాపీరైట్ ప్రచురణ నుంచి లెక్కగట్టి 60 ఏళ్లే. ఆ గడువులోగా అసలు పేరు బయటపెడితే జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్లూ వస్తుంది. వారపత్రికల రోజుల్లో ఆడవాళ్ల పేర్లతో రాసిన మగ రచయితలు కొందరున్నారు. వాళ్ల వారసులు దీన్ని పట్టించుకోవాలి.

ఏఐతో రాయించిన పాటకు కాపీరైట్ వస్తుందా?

కంప్యూటర్ సాయంతో తయారైన రచనకు, దాన్ని తయారు చేయించిన వ్యక్తే కర్త అని 1994 సవరణలో ఒక వాక్యం చేర్చారు. అప్పటి కంప్యూటర్లు వేరు, ఇప్పటివి వేరు. పల్లవి మీరు రాసి, చరణాలు దిద్ది, అక్కర్లేనివి తీసేసి ఉంటే ఆ పని మేరకు ధైర్యంగా నాది అనండి. ఒక లైన్ టైప్ చేస్తే బయటికొచ్చిన పాట మీద వ్యాపారం కట్టుకోవద్దని మా సలహా.

## దరఖాస్తు పెట్టేటప్పుడు

ఎక్కడ అప్లై చేయాలి? హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆఫీసు ఉందా?

దేశం మొత్తానికీ ఒకటే కాపీరైట్ ఆఫీసు, ఢిల్లీలోని ద్వారకలో ఉంది. వెళ్లాల్సిన పనిలేదు. కాపీరైట్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో లాగిన్ తెరిచి, 14వ నంబరు ఫారం నింపి, ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి, రచన అప్‌లోడ్ చేస్తే డైరీ నంబర్ ఇస్తారు. దాన్ని జాగ్రత్త చేసుకోండి, తర్వాత స్టేటస్ చూడాలన్నా ఉత్తరం రాయాలన్నా అదే ఆధారం. రచన తెలుగులో ఉంటే ఇబ్బందేమీ లేదు, భాష అన్న గడిలో తెలుగు అని రాస్తే సరి.

ఫీజు ఎంత? ఏజెంట్ వేలల్లో అడుగుతున్నాడు.

2013 కాపీరైట్ నియమాల ప్రకారం కథ, కవిత, నవల, నాటకం, స్క్రిప్టు, పాట సాహిత్యం, బాణీ, బొమ్మ వీటిలో ఏదైనా ఒక్కోదానికి రూ. 500. సరుకుల మీద వాడే లేబుల్, లోగో లాంటి బొమ్మకు రూ. 2,000. సౌండ్ రికార్డింగ్‌కు రూ. 2,000. సినిమా అయితే రూ. 5,000, షార్ట్ ఫిలిం కూడా ఇందులోకే వస్తుంది. మిగతాదంతా ఏజెంట్ తన పనికి అడిగే డబ్బు. ఒక్కరే రాసిన కథో కవితా సంపుటో అయితే ఆ ఫారం మీరే నింపుకోగలరు. సినిమాకో, లోగోకో, నలుగురు కలిసి చేసిన పనికో అయితే తెలిసినవాళ్ల సాయం తీసుకోవడంలో తప్పులేదు.

నా దగ్గర చాలా పాటలున్నాయి. అన్నీ కలిపి ఒకే దరఖాస్తు పెట్టొచ్చా?

ఒక దరఖాస్తుకి ఒకే రచన అన్నది నియమం. విడి పాటలైతే దేనికది కట్టాలి. అవన్నీ కలిపి ఒక సంపుటిగా కూర్చితే ఆ పుస్తకం ఒక సాహిత్య రచన అవుతుంది, ఒకే ఫీజుతో సరిపోతుంది. డబ్బు తక్కువున్న కవులకు మేం చెప్పేది ఇదే. సినిమాకి ఇవ్వబోయే పాట ఏదైనా ఉంటే దాన్ని మాత్రం విడిగా చేయించండి.

ఇంకో చిక్కు: పాట అని మనం ఒకే మాట అంటాం గానీ, చట్టం లెక్కలో సాహిత్యం వేరు, బాణీ వేరు, రికార్డింగ్ వేరు. మీరు రాసింది సాహిత్యమైతే సాహిత్యానికే దరఖాస్తు పెట్టండి.

అప్లై చేసి నెలలు గడిచాయి. ఏమీ రాలేదు. పోయినట్టేనా?

పోలేదు. డైరీ నంబర్ వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. ఎవరూ అడ్డు చెప్పకపోతే పరిశీలకుడు ఫైల్ తెరుస్తాడు. లోపం కనిపిస్తే లోపాల లేఖ పంపుతారు, గడువులోగా జవాబివ్వకపోతే ఫైల్ మూసేస్తారు. అందుకే మెయిల్‌లో స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తుండండి.

ఎక్కువగా ఆగిపోయేవి చిన్న తప్పులకే. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటే దరఖాస్తులో వెనక ఉండటం, పుస్తకం అచ్చయినా "ప్రచురితం కానిది" అని టిక్ పెట్టడం, సహ రచయిత నిరభ్యంతర పత్రం జత చేయకపోవడం. మన ఇంటిపేర్ల వ్యవహారం ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు అర్థం కావాలంటే అన్ని కాగితాల్లోనూ ఒకేలా రాయడం తప్ప మార్గం లేదు. రిజిస్ట్రార్ తిరస్కరిస్తే మూడు నెలల్లోగా హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఐఎస్‌బిఎన్ తీసుకున్నాను. అది కాపీరైట్ కాదా?

కాదు. అది పుస్తకానికి గుర్తింపు సంఖ్య మాత్రమే, మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. "సర్వ హక్కులూ రచయితవి" అన్న మొదటి పేజీ మాట కూడా హక్కును పుట్టించదు, ఉన్న హక్కును చాటుతుంది. అయినా వేయండి. పుస్తకం చేతిలో పట్టుకున్నవాడికి ఎవరిని అడగాలో తెలుస్తుంది.

నేను గీసిన చీర డిజైన్‌కి కాపీరైట్ ఉంటుందా?

కాగితం మీది బొమ్మకు ఉంటుంది. డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువ సార్లు తయారుచేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. చీరలు అమ్మే ఉద్దేశం ఉంటే బజారుకు తేకముందే డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించండి.

## సంతకం పెట్టేముందు

నా నవల వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. పుస్తకం హక్కులు వాళ్లవా నావా?

బయటి రచయితగా పంపి ఉంటే, హక్కులు రాసిచ్చిన కాగితం మీద సంతకం పెట్టకపోయి ఉంటే, పుస్తకం హక్కులు మీవే. పారితోషికం తీసుకున్నంత మాత్రాన కాపీరైట్ పోదు. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది.

పత్రికలో ఉద్యోగి అయితే లెక్క మారుతుంది. ఉద్యోగంలో భాగంగా రాసినదాన్ని పత్రికలో వేసుకునే హక్కు యాజమాన్యానిది. మిగతా హక్కులు, అంటే పుస్తకంగా వేయడం, సినిమాకి ఇవ్వడం లాంటివి, వేరే ఒప్పందం లేకపోతే రచయితవే. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో వేరే ఒప్పందం ఉండే అవకాశమే ఎక్కువ. తీసి చదవండి.

పబ్లిషర్ ఇచ్చిన అగ్రిమెంట్‌లో ఏం చూడాలి?

ఏ రచన, ఏ హక్కులు, ఎన్నాళ్లు, ఎక్కడ, ఎంత డబ్బు. ఈ ఐదూ రాసి ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా చట్టమే లెక్కవేస్తుంది. అందుకే కొన్ని ఒప్పందాల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో" అని ఒక్క వరసలో తోసేస్తారు. ఆ వాక్యం కనబడితే కలం కింద పెట్టి మాట్లాడండి. అచ్చు పుస్తకం వేసేవారికి అచ్చు హక్కు, అదీ ఒక ముద్రణకో కొన్నేళ్లకో ఇస్తే చాలు. అనువాదం, ఆడియోబుక్, సినిమా, వెబ్ సిరీస్ మీ దగ్గరే ఉంచుకోండి.

2012 సవరణ రచయితలకు ఒక మేలు చేసింది. సంతకం పెట్టిన నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, దాన్ని పేరుపెట్టి రాయకపోతే, ఆ బదిలీ వర్తించదు. ఆ తర్వాత హక్కులు రాసిచ్చినవాళ్లు తమ పాత ఒప్పందాలు ఈ కంటితో మళ్లీ చదువుకోవాలి.

షార్ట్ ఫిలింకి కథ హక్కులు తీసుకున్నారు. ఏళ్లు గడిచినా తీయలేదు. వేరేవాళ్లకి ఇవ్వొచ్చా?

ఒప్పందంలో వేరేగా రాసి లేకపోతే, బదిలీ చేసిన రోజు నుంచి ఏడాదిలోగా వాడుకోని హక్కులు రద్దయిపోతాయి. కాగితంలో వాళ్లు ఎక్కువ గడువు రాసుకున్నారేమో ముందు చూడండి. లేకపోతే, హక్కులు నాకు తిరిగొచ్చాయని మెయిల్ పెట్టి ముందుకు వెళ్లండి.

సినిమాకి పాట రాశాను, ఒకేసారి డబ్బు ఇచ్చారు. రాయల్టీ వస్తుందా?

సినిమాహాల్లో సినిమాతోపాటు వినిపించినప్పుడు రాదు. మిగతా చోట్ల, అంటే రేడియో, టీవీ, యాప్‌లు, వేదికల మీద వాడినప్పుడు, సాహిత్యం రాసినవారికీ సంగీతం చేసినవారికీ సమాన వాటా అడిగే హక్కు 2012 నుంచి ఉంది. దాన్ని నిర్మాతకు వదులుకుంటూ సంతకం పెట్టినా ఆ షరతు చెల్లదు. వారసులకు, కాపీరైట్ సొసైటీకి తప్ప ఇవ్వడానికి వీల్లేదు. వసూలు చేసే సొసైటీ ముంబైలోని ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ). సభ్యులుగా చేరి మీ పాటలు నమోదు చేయించుకుంటేనే డబ్బు మీ దాకా వస్తుంది. చేరని గీత రచయితలు మనవాళ్లలో ఇంకా ఉన్నారు, అదే విచిత్రం.

జానపద పాటను మా ఛానల్‌లో పెట్టాం. అది మా పాటే అని ఇంకో ఛానల్ యూట్యూబ్‌కి ఫిర్యాదు చేసి స్ట్రైక్ వేసింది. పాట ఎవరిది?

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా వస్తున్న గొడవ ఇదే, ముఖ్యంగా తెలంగాణ జానపదాల ఛానళ్ల మధ్య. తరాలుగా నోటినోటా వస్తున్న పాట మాటలూ బాణీ ఎవరి సొంతమూ కావు. మొదట అప్‌లోడ్ చేసినవాళ్లకూ కావు, ఊళ్లు తిరిగి సేకరించినవాళ్లకూ కావు. దానికి కొత్త చరణం రాస్తే ఆ చరణం రాసినవారిది. కొత్తగా వాద్యాలు కూర్చి రికార్డు చేస్తే ఆ రికార్డింగ్ దాని నిర్మాతది. గాయనికి తన గానం మీద ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు ఉంటుంది.

కాబట్టి మీరు వాళ్ల ట్రాక్ వాడుకున్నారా, వాళ్లు కొత్తగా రాసిన చరణం పాడారా, లేక పాత పాటనే మీ గొంతుతో మీ వాద్యాలతో చేశారా అన్నది తేల్చుకోండి. చివరిదైతే కౌంటర్ నోటిఫికేషన్, అంటే ఆ ఫిర్యాదు తప్పని యూట్యూబ్‌కి చెప్పే జవాబు, ధైర్యంగా పెట్టొచ్చు. పెట్టాక అవతలివాళ్లు అమెరికా లెక్కలో 10 పనిదినాల్లోగా కోర్టుకు వెళ్లినట్టు చూపించకపోతే, వీడియోను సాధారణంగా తిరిగి పెడతారు. ఊరుకోవడం మంచిది కాదు, 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోవచ్చు.

రికార్డింగ్‌కు ముందే ఒక పేజీ రాసుకోండి: పాత పాటేది, కొత్తగా చేర్చిందేది, రాసిందెవరు, పాడిందెవరు, ఛానల్‌కి ఇస్తున్న హక్కేంటి, వ్యూస్ డబ్బులో ఎవరి వాటా ఎంత. "మనవాడే కదా" అని మొదలుపెట్టిన పాటకు లక్షల వ్యూస్ వచ్చాకే తగువులు మొదలవుతాయి.

పెళ్లి ఫొటోల హక్కు ఫొటోగ్రాఫర్‌దా, పెళ్లివారిదా?

డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. ఫొటోగ్రాఫర్లు నమ్మలేరు గానీ చట్టం అదే. తమ పేజీలో పెట్టుకోవాలంటే అడ్వాన్స్ రసీదు మీదే ఆ మాట రాయించుకోవాలి.

## ఎవరైనా కాపీ కొట్టినప్పుడు

నా పుస్తకం పీడీఎఫ్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఏం చేయాలి?

ముందు స్క్రీన్‌షాట్లు తీయండి, లింకు, తేదీ, గ్రూపు పేరు కనబడేలా. తర్వాత ఆ వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. 2013 నియమాల్లోని 75వ రూల్ ప్రకారం 36 గంటల్లోగా వాళ్లు ఆ లింకు అందకుండా ఆపాలి. 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చి చూపించకపోతే మళ్లీ తెరవొచ్చు. 2022లో ఢిల్లీ హైకోర్టు అలా మెటీరియల్ పంచుతున్న ఛానళ్ల వివరాలు ఇవ్వాలని టెలిగ్రామ్‌ను ఆదేశించింది, కాబట్టి ముసుగు వెనక దాక్కున్నా ఎప్పటికీ దొరకరని కాదు. గ్రూపు అడ్మిన్ మీ పాఠకుడే అయి ఉండొచ్చు. మొదట ఒక ఫోన్ చేసి చూడండి, చాలాసార్లు దానితోనే తీసేస్తారు.

పోలీసుల దగ్గరికి వెళ్లాలా, కోర్టుకా?

రెండు దారులూ ఉన్నాయి. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ. 50,000 నుంచి రూ. 2 లక్షల వరకు జరిమానా ఉంది. ఇది వారెంట్ లేకుండా అరెస్టు చేయదగ్గ నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే విడుదల ఆపించాలన్నా, నష్టపరిహారం రాబట్టాలన్నా సివిల్ కోర్టే. మీరు నివసించే ఊరు ఏ జిల్లాలో ఉంటే అక్కడే దావా వేసుకోవచ్చు, అవతలివాళ్లు ముంబైలో ఉన్నా సరే.

ఒక హెచ్చరిక. ఆధారం లేకుండా కాపీరైట్ కేసు పెడతామని బెదిరించే నోటీసు ఇస్తే, అందుకున్నవాళ్లు 60వ సెక్షన్ కింద మీ మీదే దావా వేయొచ్చు. కోపంలో ఫేస్‌బుక్‌లో రాసే ముందు కూడా ఒక్క రాత్రి ఆగండి.

హక్కులు అమ్మేశాను. ఇప్పుడు నా పేరు తీసేసి వేస్తున్నారు. అడగొచ్చా?

అడగొచ్చు. 57వ సెక్షన్ కింద రచన నాది అని చెప్పుకునే హక్కు, నా పరువు తీసేలా దాన్ని వికృతం చేయొద్దనే హక్కు అమ్మకం తర్వాత కూడా మీతోనే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీది కుడ్యశిల్పాన్ని పెరికి పాడుచేసినందుకు, 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు రూ. 5 లక్షల పరిహారం ఇవ్వాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ శిల్పానికి యజమాని ప్రభుత్వమే, అయినా తప్పలేదు.

## తర్వాతి తరానికి, విదేశాల్లో ఉన్నవారికి

కాపీరైట్ ఎన్నాళ్లుంటుంది? పాత రచనలు ఎవరైనా వేసుకోవచ్చా?

రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్క. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన రచనలు ఎవరైనా వేసుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు, 2043 చివరిదాకా అనుమతి కావాలి. పాత రచనకు కొత్తగా రాసిన పీఠిక, టిప్పణి, అనువాదం ఉంటే వాటికి వేరే కాపీరైట్ ఉంటుందని మరిచిపోవద్దు.

నాన్నగారి రచనల హక్కులు నాకు ఎలా వస్తాయి?

వీలునామా ఉంటే దాని ప్రకారం, లేకపోతే మిగతా ఆస్తిలాగే వారసులందరికీ. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు డాలస్‌లో ఉంటే ఎవరిని అడగాలో తెలియక పునర్ముద్రణలు ఆగిపోతున్నాయి. ఒక్కరి సంతకంతో ఇచ్చేస్తే మిగతావాళ్లు అడ్డుపడొచ్చు. అందరూ కలిసి ఒకరికి అధికారపత్రం రాసిస్తే సులువు. ఇప్పుడు రాస్తున్నవాళ్లయితే వీలునామాలో ఇల్లూ పొలంతోపాటు పుస్తకాల సంగతీ ఒక వాక్యం రాయండి.

నేను అమెరికాలో ఉంటాను. ఇండియాలో రిజిస్టర్ చేయించాలా, ఇక్కడా?

రెండు దేశాలూ బెర్న్ ఒప్పందంలో (కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన ఒప్పందం) ఉన్నాయి కాబట్టి ఒకచోట పుట్టిన హక్కును రెండోచోటా గుర్తిస్తారు. అయితే మొదట అమెరికాలో ప్రచురించిన రచన మీద అక్కడి కోర్టుకు వెళ్లాలంటే ముందు అక్కడ రిజిస్టర్ అయి ఉండాలి. ఇండియాలో మొదట ప్రచురించినదానికి ఆ షరతు లేదు, కానీ చట్టం నిర్ణయించిన పరిహారం, లాయర్ ఖర్చులు రాబట్టాలంటే ఉల్లంఘనకు ముందే అక్కడ రిజిస్టర్ చేయించి ఉండటం అవసరం. ఒక్కరే రాసిన ఒక రచనకు ఆన్‌లైన్‌లో 45 డాలర్లు. మీ పాఠకులు, శ్రోతలు ఎక్కువగా ఏ దేశంలో ఉంటే మొదట అక్కడ చేయించండి.